చిన్న కాలేజీ బ్రోచర్‌లో చరిత్ర పేజీని ఎలా చదవాలి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల వరి, రెండెకరాల రొయ్యల చెరువు, గట్ల మీద కాస్త కొబ్బరి. మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం అయింది. ఇంజనీరింగ్ వద్దు, ఎకనామిక్స్, చరిత్ర కలిపి చదువుతానంటోంది. అమెరికాలో 1,200 మంది విద్యార్థులున్న ఒక ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ బ్రోచర్ తెప్పించింది. 1850ల్లో పెట్టారట. రాతి భవనాలు, లెక్కలేనన్ని క్లబ్బులు. ఏడాదికి 30 వేల డాలర్ల స్కాలర్‌షిప్ రావొచ్చంటున్నారు. ఆ కాలేజీ పేరు మా చుట్టుపక్కల ఎవరూ వినలేదు. పంపొచ్చా?

జవాబు: పేరు ఎవరూ వినకపోవడం లోపమేమీ కాదండి. మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎమ్మెస్‌కి వెళ్తారు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటే ఒకే వృత్తి చదువు కాకుండా సైన్సు, ఆర్ట్స్ సబ్జెక్టులు కలిపి డిగ్రీ చదివించేవి. వీటిలో చాలావాటికి పీజీ ఉండదు, అందుకే మనవాళ్ల నోట ఆ పేర్లు పడవు. పీజీ లేకపోవడమే మీ అమ్మాయికి లాభం. పెద్ద యూనివర్సిటీలో మొదటి రెండేళ్లు చాలా సెక్షన్లు రీసెర్చ్ విద్యార్థుల చేతిలో ఉంటాయి, ఇక్కడ ప్రొఫెసరే పాఠం చెప్పి వ్యాసాలు దిద్దుతారు. చదివిన ఎంపీసీ కూడా వృథా కాదు. ఈ కాలేజీల్లో గణితం, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ అన్నీ ఉంటాయి. ఎకనామిక్స్ మేజర్‌కి, అంటే దాన్ని ప్రధాన సబ్జెక్టుగా తీసుకుంటే, చాలాచోట్ల కాలిక్యులస్ కావాలి. నాలుగేళ్లలో 32 కోర్సుల దాకా చదవాలి, రెండో ఏడాది చివరికి మేజర్ తేల్చుకోవాలి.

ఇక బ్రోచర్‌లోని చరిత్ర పేజీ. దాన్ని కొట్టు ఖాతా పుస్తకం చదివినట్టు చదవండి. అమెరికాలో 19వ శతాబ్దపు చిన్న కాలేజీల్లో ఎక్కువ భాగం క్రైస్తవ శాఖలు పెట్టినవి. కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు, క్వేకర్ సంఘాలు తమ ఊరికొకటి కట్టుకున్నాయి. ఎవరు, ఎందుకు పెట్టారన్నది ఈనాటి ఫీజులోనూ రూల్సులోనూ కనిపిస్తుంది. ఒహాయోలో 1833లో పుట్టిన ఓబర్లిన్ 1835లోనే నల్లజాతి విద్యార్థులను చేర్చుకుంటామని తీర్మానించింది, 1837లో ఆడపిల్లలను డిగ్రీ చదువుకు తీసుకుంది. కెంటకీలో బానిసత్వ వ్యతిరేకులు 1855లో పెట్టిన బెరియా నేటికీ ట్యూషన్ ఫీజు తీసుకోదు, బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు కాలేజీలో పని చెయ్యాలి. క్వేకర్లు 1833లో పెట్టిన హావర్‌ఫర్డ్‌లో ఆనర్ కోడ్‌ను, అంటే కాపీ కొట్టమన్న నిజాయితీ నియమావళిని, విద్యార్థులే నడుపుతారు, పరీక్ష హాల్లో కాపలా ఉండదు. ఇలా ఒక పాత సంగతి నేటి పద్ధతిగా నిలిచి ఉంటే ఆ చరిత్రకు విలువుంది. రాతి భవనం ఫొటో మాత్రమే మిగిలి ఉంటే దాని మరమ్మతు ఖర్చు ఎవరు పెడుతున్నారో అడగాలి.

వయసు ఒక్కటే భరోసా కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నాటి వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ నెలాఖరున ప్రకటించి ఆ సెమిస్టర్‌తోనే మూతపడింది. అలబామాలోని బర్మింగ్‌హామ్-సదరన్ అదే ఏడాది మే 31న మూసేశారు. కాలిఫోర్నియాలో 1852 నాటి మిల్స్ 2022లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో కలిసిపోయింది. జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. చేరేవాళ్లు తగ్గుతారు, సీట్లు నింపడానికి స్కాలర్‌షిప్ పేరుతో ఫీజులో కోత పెంచుతారు, చేతికొచ్చే డబ్బు ఇంకా తగ్గుతుంది, మూలనిధి (విరాళాలతో కాలేజీ దాచుకున్న సొమ్ము) కరిగిస్తారు. మూలనిధిలో చాలా భాగం దాతలు ఫలానా పనికే అని ఇచ్చినది కాబట్టి జీతాలకు ముట్టుకోవడానికి వీల్లేదు. అడక్కుండానే పెద్ద స్కాలర్‌షిప్ ఇస్తామన్నారంటే అది మీ అమ్మాయి ప్రతిభకు గుర్తింపు కావచ్చు, ఖాళీ సీటు నింపుకోవడమూ కావచ్చు.

తేల్చుకోవడానికి మూడు కాగితాలు చాలు, మూడూ ఉచితంగా నెట్‌లో దొరుకుతాయి. మొదటిది ఫారం 990. లాభాపేక్ష లేని సంస్థలు అమెరికా పన్నుల శాఖకు ఏటా ఇచ్చే లెక్క ఇది. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వారి నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో కాలేజీ పేరు కొడితే వస్తుంది. మొదటి పేజీలో 12వ వరుస మొత్తం రాబడి, 18వ వరుస మొత్తం ఖర్చు, 19వ వరుస మిగులు లేదా లోటు. ఒక్క ఏడాది లోటు చూసి కంగారు పడొద్దు, షేర్ మార్కెట్ పడినా అలా కనిపిస్తుంది. అయిదేళ్లు వరసగా చూడండి. మూడేళ్లు లోటుంటే ఆ కాలేజీని పక్కన పెట్టమనే నా సలహా. అదే ఫారంలో షెడ్యూల్ డి అయిదో భాగంలో మూలనిధి ఏడాది మొదట్లో ఎంత, చివర ఎంత అన్నది ఉంటుంది. ఆ మొత్తాన్ని విద్యార్థుల సంఖ్యతో భాగించండి. 12 కోట్ల డాలర్లు, 1,200 మంది అయితే తలకు లక్ష. అందులో ఏడాదికి వాడేది సాధారణంగా 4.5 నుంచి 5 శాతం, అంటే తలకు 5 వేల డాలర్లు మించదు. 30 వేల స్కాలర్‌షిప్‌లో మిగతా 25 వేలు ఎక్కడా దాచిన డబ్బు కాదు, ఫీజులో తగ్గింపు మాత్రమే.

రెండోది కామన్ డేటా సెట్, కాలేజీలు తమ అంకెలను ఒకే నమూనాలో ప్రకటించే పత్రం. కాలేజీ పేరుకు ఈ మాట జోడించి వెతకండి. బి-22లో మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎంతమంది తిరిగొచ్చారో ఉంటుంది. 80 శాతం కన్నా తక్కువైతే కారణం అడగాల్సిందే. ఐ-3లో ఏ సైజు క్లాసులు ఎన్నో ఉంటాయి. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది హెచ్-6, విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి సాయం ఇచ్చారు, సగటున ఎంత అన్నది అందులోనే. బ్రోచర్‌లో ‘విద్యార్థుల్లో 95 శాతానికి సాయం’ అని ఉన్నా ఆ లెక్కలో ఎక్కువమంది అమెరికా పౌరులే. మూడో కాగితం అక్రెడిటేషన్ సంస్థ, అంటే కాలేజీకి గుర్తింపు ఇచ్చే సంస్థ, పేజీ. అందులో వార్నింగ్, ప్రొబేషన్, షో కాజ్ అన్న మాటలు కనిపిస్తే దరఖాస్తు ఫీజు కూడా కట్టొద్దు.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. ఈ తరహా కాలేజీల్లో ఫీజు, గది, తిండి కలిపి చాలాచోట్ల ఏడాదికి 60 వేల నుంచి 90 వేల డాలర్లు. 75 వేలు అనుకుందాం. 30 వేలు పోగా 45 వేలు, డాలరు 85 రూపాయల చొప్పున చూసినా 38 లక్షల పైచిలుకు. అక్కడితో అయిపోదు. ఫీజు ఏటా 4 శాతం పెరిగితే నాలుగో ఏడాది బిల్లు 84 వేలు దాటుతుంది, స్కాలర్‌షిప్ మాత్రం 30 వేల దగ్గరే ఉంటుంది. పెరిగినదంతా మీ నెత్తినే. నాలుగేళ్లకు మీ వాటా 1 కోటి 68 లక్షలు దాటుతుంది. విమానాలు, ఇన్సూరెన్సు, పుస్తకాలు ఇందులో లేవు. క్యాంపస్ ఉద్యోగం వారానికి 10 గంటలు, గంటకు 12 డాలర్లు, 30 వారాలు చేసినా 3,600 డాలర్లు. చేతిఖర్చుకు సరిపోతుంది, ఫీజుకు కాదు.

అప్పు తెద్దామంటే మన డెల్టాలో ఒక చిక్కుంది. బాకీ కట్టకపోతే కోర్టుకెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకని ఎకరం ధర ఎంత పలికినా విద్యా రుణానికి దాన్ని తనఖా పెట్టుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. ఇల్లు, నివేశన స్థలం, డిపాజిట్ అయితే పనికొస్తాయి. ఇంకో పక్క, ఆర్థిక సాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో అదే భూమిని ఆస్తిగా చూపించాలి. దాచకండి, కాగితాల్లో తేడా వస్తే సాయమే కాదు, సీటూ పోతుంది. దాంతోపాటు ప్రత్యేక పరిస్థితులు రాసే చోట ఆ భూమే జీవనాధారమని, అమ్మితే మరుసటి ఏడాది రాబడి ఉండదని స్పష్టంగా రాయండి. చెరువు ఆదాయం ఒక పంటకు లాభం, తెల్లమచ్చ రోగం వస్తే మొత్తం నష్టం. కాబట్టి ఒక్క ఏడాది అంకె ఇవ్వకుండా మూడేళ్ల సగటు ఇచ్చి, రొయ్యలు కొన్నవాళ్ల పట్టీలు, మేత బిల్లులు, తహశీల్దారు ఆదాయ ధ్రువపత్రం, 1బీ, అడంగల్ నకళ్లు ఇంగ్లిష్ అనువాదంతో జత చెయ్యండి. వరి, కొబ్బరి ఆదాయానికి పన్ను లేదు, వాటికి రిటర్ను ఎందుకు లేదో ఒక వాక్యంలో చెప్పండి. అక్కడి ఆఫీసు వాళ్లకు ఆ సంగతి తెలియాలని లేదు.

ఇంకో సంగతి. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థి ఎంత కట్టగలడో చూసే సీటిస్తాయి. ఆమ్హర్స్ట్, బోడన్ లాంటి అతి కొద్ది చిన్న కాలేజీలే అది చూడకుండా ఎంపిక చేసి, అవసరమైనంత సాయం ఇస్తాయి. వాటిల్లో పోటీ విపరీతం. అయినా జాబితాలో ఒకటి రెండు పెట్టుకోవాలి. ఎర్లీ డెసిషన్ కింద వేస్తే సీటొచ్చాక చేరి తీరాలి. సాయం చాలకపోతే బయటపడవచ్చు గానీ, అప్పటికి వేరేచోట్ల గడువులు దగ్గరపడి ఉంటాయి.

క్యాంపస్ జీవితం గురించి బ్రోచర్ చెప్పనివి కొన్ని. నాలుగేళ్లూ హాస్టల్లోనే ఉండాలని, కాలేజీ మెస్ డబ్బు కట్టాలని చాలాచోట్ల నిబంధన. ఊళ్లో జనాభా కొన్ని వేలు, బస్సులు అరుదు. అయోవా, మిన్నెసోటాల్లో జనవరిలో మైనస్ 20 డిగ్రీలకు పడే రోజులుంటాయి. డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా సెలవులు, కొన్ని కాలేజీలు ఆ రోజుల్లో హాస్టళ్లు మూసేస్తాయి. విదేశీ పిల్లలు ఎక్కడుండాలో, దానికి అదనంగా ఎంతో ముందే అడగండి. క్లబ్బుల సంఖ్య చూసి మురిసిపోవద్దు. 1,200 మందికి వంద క్లబ్బులంటే కొన్నింట్లో అయిదుగురే ఉంటారు.

చదువులో మన పిల్లలు జారే చోటు ఒకటుంది. మొదటి సెమిస్టర్లో చేతనైనవని గణితం, కంప్యూటర్, ఫిజిక్స్ పెట్టుకుని, తప్పనిసరి అయిన ఫస్ట్ ఇయర్ సెమినార్‌ను తేలిగ్గా తీసుకుంటారు. ఆ సెమినార్లో వారానికి వంద పేజీలు చదవాలి, నోరు విప్పి మాట్లాడాలి, అయిదారు పేజీల వ్యాసాలు రాయాలి. గైడ్ బట్టీ పట్టి అప్పజెప్పడం అలవాటైన చేతికి, చదివిన వాక్యాన్ని ఎవరిదో చెప్పకుండా రాయడం తప్పని తోచదు. అక్కడ అది క్రమశిక్షణ విచారణ దాకా వెళ్తుంది. మార్కులు తగ్గుతున్నాయని కోర్సు వదిలేస్తే ఇంకో ప్రమాదం. సెమిస్టర్‌కి 12 క్రెడిట్ల కన్నా తగ్గితే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా హోదా పోతుంది. ఏ కోర్సు వదలాలన్నా ముందు విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడగాలి, ఆ తర్వాతే బటన్ నొక్కాలి.

అలాగని చిన్న కాలేజీ మేలు తక్కువది కాదు. పోయిన శతాబ్దం మొదట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, క్లాసు బయట కూడా కుర్రాళ్లను చేరదీసి దామెర్ల రామారావు, అడివి బాపిరాజులకు బొమ్మల దారి చూపించాడు. అలాంటి గురువు దొరికే అవకాశానికే ఇంత డబ్బు. దాన్ని కొలవడానికి మార్గముంది. మీ అమ్మాయిని ఎకనామిక్స్, చరిత్ర శాఖల్లో ఒక్కో ప్రొఫెసర్‌కి పది వాక్యాల మెయిల్ రాయమనండి. ఇప్పుడు ఏ కోర్సు చెబుతున్నారు, ఆఖరి ఏడాది విద్యార్థులు ఏ అంశంపై థీసిస్ రాశారు అని అడగాలి. వారంలో ఇద్దరిలో ఒకరైనా జవాబివ్వకపోతే ‘ప్రతి విద్యార్థీ మాకు పేరుతో తెలుసు’ అన్న మాటను తగ్గించి చూడండి. చరిత్ర శాఖలో పర్మనెంట్ అధ్యాపకులు ఎంతమందో వెబ్‌సైటులో లెక్కపెట్టండి. ఇద్దరే ఉంటే, ఒకరు సెలవు పెట్టిన ఏడాది ఆమె మేజర్ సగం ఆగిపోతుంది.

చదువయ్యాక ఓపీటీ కింద, అంటే చదివిన రంగంలో పని అనుభవానికి ఇచ్చే అనుమతితో, 12 నెలలు పని చేయవచ్చు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) మేజర్ అయితే ఇంకో 24 నెలలు. చరిత్రకు ఆ పొడిగింపు లేదు. ఎకనామిక్స్‌కు ఉంటుందా లేదా అన్నది వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉండే సీఐపీ అనే కోర్సు వర్గీకరణ కోడ్‌ని బట్టి. 45.0603 అయితే ఉంటుంది, 45.0601 అయితే ఉండదు. ఈ కాలేజీలో ఏ కోడ్ అని ఇప్పుడే మెయిల్ పెట్టండి. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగ్ అనే 3-2 పథకం చూపించి మీకు ఆశ పెడితే, ఆ రెండేళ్లకు విదేశీ విద్యార్థికి సాయం ఉంటుందా అని రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఉండదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి: ఏడాదికి మీ వాటా 15 వేల డాలర్లకు తగ్గని ఏ కాలేజీకీ ఆ చెరువును నమ్ముకుని ఒప్పుకోవద్దు. ఇదే తరహా చదువు మన రాష్ట్రంలోనే శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో ఉంది, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, సోనీపట్‌లో అశోకా ఉన్నాయి. అశోకాకు హాస్టల్‌తో కలిపి ఏడాదికి పది లక్షలు దాటుతుంది, అయినా అవసరాన్ని బట్టి సాయం ఇస్తారు. వీటికీ దరఖాస్తు చెయ్యాలి. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల ఓఏఎండీసీ ద్వారా ఇక్కడి డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ మేజర్ సీటు చివరి ఆసరాగా ఉండనే ఉంటుంది.

అమెరికా దరఖాస్తుల గడువులు నవంబరు మొదటి నుంచి జనవరి మధ్య దాకా. ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు ఆ వెంటనే. కాబట్టి వ్యాసాలు దసరా సెలవుల్లోనే ముగించాలి. 9 నుంచి 12వ తరగతి వరకు మార్కులు అడుగుతారు. పదో తరగతి మెమో ఉంటుంది గానీ తొమ్మిదివి చాలా స్కూళ్లు పారేస్తాయి, ఈ నెలలోనే వెళ్లి హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపుతో తీసుకోండి. సిఫారసు లేఖకు జూనియర్ కాలేజీలో అడిగితే కాండక్ట్ సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అది పనికిరాదు. ఇంగ్లిష్ లెక్చరర్‌నీ, గణితం లెక్చరర్‌నీ విడిగా కలిసి, అమ్మాయి క్లాసులో చేసిన రెండు మూడు పనులు కాగితం మీద రాసిచ్చి, వాటిని ప్రస్తావిస్తూ సొంత మాటల్లో రాయమని అడగండి.