ఆ మాత్ర మీ తోడికోడలికి రాసింది, మీకు కాదు

ప్రశ్న: నా వయసు 41. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా వారి ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారని తెలిసినప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. పదకొండింటికి పడుకుంటే మూడింటికి గుండె దడతో మెలకువ వస్తుంది. ఫ్లాటు వాయిదాలు, పాప ఫీజు, అనంతపురంలో అమ్మ ఆరోగ్యం అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. పరుపు పాతబడింది, మార్చాలా? పాలలో అశ్వగంధ వేసుకోవచ్చా? ప్రస్తుతానికి మా తోడికోడలి దగ్గరున్న అల్ప్రాజోలం 0.25 (ఆందోళన తగ్గించే మత్తు మాత్ర) వేసుకుంటున్నాను. మొదట సగం, ఇప్పుడు రెండు. మూడు నెలలైంది.

జవాబు: పరుపు సంగతి తరువాత. నన్ను కంగారు పెట్టింది మీ చివరి మూడు వాక్యాలు.

సగం నుంచి రెండు అంటే మోతాదు నాలుగు రెట్లయింది. మీ శరీరం ఆ మందుకు అలవాటు పడుతోందని దీని అర్థం. ఇది త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందు. దిగే వేళకు కొందరిలో ఆందోళన ఇంకాస్త ఎక్కువై తిరిగి వస్తుంది. మీ మూడు గంటల మెలకువలో దిగులు వాటా ఎంత, మాత్ర వాటా ఎంత అన్నది మిమ్మల్ని చూడకుండా చెప్పలేను.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎంత చొప్పున అనేది మీ డాక్టరే నిర్ణయించాలి, ఇక్కడ రాయను. ఈలోగా మోతాదు పెంచకండి. మద్యం, మత్తు తెచ్చే దగ్గు మందులు దీనితో కలిస్తే ఊపిరికే ప్రమాదం. పొద్దున్నే స్కూటరు నడిపే అలవాటుంటే కొన్నాళ్లు మానండి.

అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 అనే, అమ్మకంపై కట్టుదిట్టమున్న జాబితాలోని మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి వివరాలు దుకాణంలో రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఒక ఇంటి అల్మరా నుంచి ఇంకో ఇంటి అల్మరాకు వెళ్లే మాత్రకు ఏ రిజిస్టరూ లేదు. ఓపీలో "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే చాలామంది "ఏమీ లేదండీ" అంటారు. బంధువులు ఇచ్చినది వాళ్ల దృష్టిలో మందు కాదు. మీరు కనీసం రాశారు, సంతోషం.

అశ్వగంధ ఇప్పుడు వద్దు. మాత్ర మత్తుకు అది తోడవుతుంది, థైరాయిడ్ హార్మోన్లనూ పెంచవచ్చు. అసలు 41 ఏళ్ల వయసులో దడ అంటే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగరు చూడాలి. ఈసీజీ అవసరమో కాదో డాక్టరు చెబుతారు. నెలసరి క్రమం తప్పుతోందా, గురక ఉందా అన్నవి మీరు రాయలేదు, ఆయనకు తప్పక చెప్పండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి ఇంకో గదిలో కూర్చోండి. గడియారం చూడకండి, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోండి. ఎప్పుడు నిద్రపోయినా లేచే వేళ మార్చవద్దు. వాయిదాల లెక్కలు రాత్రి మూడింటికి కాదు, సాయంత్రం ఏడింటికి మీ వారితో కలిసి కాగితం మీద వేయండి. ఐదింటికి తాగేది బై టూ కాఫీ అయినా కాఫీయే. అందులోని కెఫీన్‌లో సుమారు సగం పదింటికి కూడా ఒంట్లో ఉంటుంది. నిద్రలేమి కోసమే రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) ఉంది. మాత్రల కన్నా ముందు ప్రయత్నించవలసింది అదే.

సైకియాట్రిస్టును ఈ వారమే కలవండి. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ పేరు చెబితే బంధువులు ఏమనుకుంటారోనని వెనకాడకండి, అక్కడికి నిద్ర పట్టనివారూ వస్తారు. అంతవరకు మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. 2022లో మొదలైన ఈ ఉచిత సేవలో ఏ వేళకైనా తెలుగులో మాట్లాడవచ్చు.

పరుపు అంటారా, నడుము నొప్పి లేకపోతే ఆ డబ్బు ఫీజుకు ఉంచండి.

ఇంకొక్క మాట. రోజుకు రెండు మాత్రలు మీకు వస్తున్నాయంటే మీ తోడికోడలు తన మందు సరిగా వేసుకుంటున్నట్టు లేదు. ఆమెను కూడా వెంట తీసుకువెళ్లండి.