విరిగిన వైజర్ చూసి రంగం మారాలా?

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. హెల్మెట్ వైజర్లు తయారుచేసే మోల్డింగ్ యూనిట్‌లో ట్రైనింగ్. వాటికి వాడే పాలికార్బనేట్ ప్లాస్టిక్ అంత తేలిగ్గా పగలదంటారు కదా, నా షిఫ్టులో వచ్చిన వైజర్లకు మాత్రం సిల్వర్ చారలు పడ్డాయి, టెస్టులో పుటుక్కున విరిగాయి. అందరి ముందూ చీవాట్లు తిన్నాను. ఈ రంగం నాకు సరిపడదేమో, మారిపోనా?

జవాబు: తొందరపడకండి. విరిగిన వైజర్ ఒకటి వెలుతురులో పట్టుకుని చూడండి. చారలు గేట్ దగ్గర (కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వచ్చే చోట) మొదలై, మెటీరియల్ పారిన దారిలోనే విసనకర్రలా విచ్చుకున్నాయా? అయితే ముందుగా అనుమానించాల్సింది తేమని. పాలికార్బనేట్ గింజలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వాటిని అలాగే 280-320 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిస్తే ఆ నీరు పాలిమర్ గొలుసులను, అంటే ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువులను, తెంచేస్తుంది. ఆవిరి వల్ల చారలు, తెగిన గొలుసుల వల్ల పెళుసుదనం. అందుకే 120 డిగ్రీల దగ్గర 3-4 గంటలు ఆరబెట్టి, తేమను 0.02 శాతం లోపుకు దించాకే మెషీన్‌కు ఇస్తారు. ఆరిన గింజలను మూతలేని హాపర్‌లో (మెషీన్‌కు గింజలు అందించే తొట్టిలో) వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకో సంగతి. చారలు కనిపించనంత మాత్రాన సరుకు బాగున్నట్టు కాదు. గొలుసులు తెగాయో లేదో, కరిగిన ప్లాస్టిక్ ఎంత తేలిగ్గా పారుతుందో చూసే మెల్ట్ ఫ్లో పరీక్షలో బయటపడుతుంది: తెగితే మెటీరియల్ మరీ పలచగా పారుతుంది. ఆ విరిగిన ముక్కలను రీగ్రైండ్ చేసి (మళ్లీ నలగ్గొట్టి) కొత్త గింజల్లో కలపనివ్వకండి. తెగిన గొలుసులు ఎంత ఆరబెట్టినా అతుక్కోవు.

ఇలా కారణం దాకా వెళ్లడమే ప్రాసెస్ ఇంజినీర్ పని. చీవాట్లు తిన్నా, ఎందుకు విరిగిందన్న ప్రశ్న మీరు వదల్లేదు. అందుకే మిమ్మల్ని ఈ రంగంలోనే ఉండమంటున్నాను. రెండేళ్లు షాప్ ఫ్లోర్‌లో ప్రాసెసింగ్, క్వాలిటీ పనులు చేసి, ఆపైన పాలిమర్ ఇంజినీరింగ్ డిగ్రీకి వెళ్లండి. డ్రాయింగ్ మీద మక్కువ ఉంటే మోల్డ్ (అచ్చు) డిజైన్ కూడా మంచి దారే. రసాయన శాస్త్రం ఇష్టమైతే కోటింగ్‌ల వైపు చూడండి. దెబ్బకు తట్టుకునే ఈ ప్లాస్టిక్ మీద గీతలు ఇట్టే పడతాయి, ఎండకు పసుపెక్కుతుంది కూడా. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ విడివిడిగా దీన్ని తయారుచేశారు. ఇన్నేళ్లయినా ఆ రెండు లోపాలకూ పైపూతలు, యూవీ స్టెబిలైజర్లే (ఎండలోని అతినీలలోహిత కిరణాల దెబ్బ తగ్గించే పదార్థాలే) ఆధారం.

రేపు షిఫ్టుకు వెళ్లగానే డ్రయర్ ఉష్ణోగ్రత, గింజలు పోసిన సమయం, తీసిన సమయం నోటుబుక్‌లో రాసి సూపర్‌వైజర్‌కు చూపించండి. విరిగిన వైజర్ కూడా వెంట తీసుకెళ్లండి.