జీతం పడుతోంది, పని లేదు: కంగారు పడాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) స్టూడియోలో రెండేళ్లుగా కంపోజిటర్‌గా చేస్తోంది, అంటే విడివిడిగా తయారైన దృశ్యాలను కలిపి చివరి షాట్ చేసే పని. పోయిన నెల సినిమా పని అయిపోయింది. ఆఫీసుకు వెళ్తోంది, జీతం పడుతోంది, కానీ షాట్లు లేవట. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ‘ఇవాళైనా పని ఇచ్చారా’ అని అడుగుతున్నాను. ఇది మా పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి చెప్పే ఐటీ వాళ్ల బెంచ్ (ప్రాజెక్టు లేకుండా జీతం మీద ఉండటం) లాంటిదేనా? తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. మూడు నెలల యూఐ/యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల డిజైన్) కోర్సుకు అడ్వాన్సు కూడా కట్టాను, అది ఇంకా మొదలు కాలేదు. ఈ రెండు రంగాల్లో ఏది మంచిది?
- ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, పెద్ద సినిమా ఏదైనా విడుదలైన నెలలో ఇలాంటి ఉత్తరాలు నాకు తప్పకుండా వస్తాయి. అడిగేది కోర్సు గురించే. లోపల ఉన్న భయం మాత్రం, ఇంజినీరింగ్ వద్దని ఈ దారిలో పంపి పిల్లను పాడుచేశామా అని. పాడు చేయలేదు. రెండేళ్లు డెడ్‌లైన్లు తట్టుకుని నిలబడ్డ అమ్మాయి ఈ ఫీల్డుకు కొత్త కాదు.

బెంచ్ మీద ఉన్న ఐటీ ఉద్యోగికి పని లేకపోయినా పక్క టీముకు ఉంటుంది. అందుకే అతనికి భయం. స్టూడియోలో పని వరసగా నడుస్తుంది. మోడలింగ్, రిగ్గింగ్, యానిమేషన్, లైటింగ్ అయ్యాక కంపోజిటింగ్. విడుదల తేదీ ముందు రాత్రులు కూర్చుని అందరికంటే చివర లేచేది మీ అమ్మాయి విభాగమే. కొత్త సినిమా ఒప్పుకున్నా అది మొదటి వాళ్లందరినీ దాటుకుని ఆమె కంప్యూటర్ దాకా రావడానికి నెలలు పట్టవచ్చు. అంతవరకూ షాట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇక ఆమె ఖాళీగా ఉందనుకోవడం పొరపాటు. సినిమా మధ్యలో సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చడానికి ఎవరూ సాహసించరు, ఒక్క తేడా వస్తే వందల షాట్లు ఆగిపోతాయి. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్ కొత్త వెర్షన్ పరీక్షించడం, హడావిడిలో అతుకులేసిన స్క్రిప్టులు (న్యూక్‌లో షాట్ల ఫైళ్లు) సరిచేయడం, పొగ, దుమ్ము, నిప్పురవ్వల ఎలిమెంట్లను మళ్లీ వాడుకునేలా సర్దిపెట్టడం ఇలాంటప్పుడే కుదురుతాయి. షోరీల్, అంటే తను చేసిన మంచి షాట్ల వీడియో, కూడా ఇప్పుడే చేసుకోవాలి. విడుదలకు ముందు షాట్లు బయట చూపించకూడదు. సినిమా వచ్చాక స్టూడియో అనుమతితో పెట్టుకోవచ్చు. రేపు జీతం మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు చూసేది ఆ రెండు నిమిషాల రీలే.

న్యూయార్క్ డిజైనర్ స్టెఫాన్ సాగ్‌మైస్టర్ ఏడేళ్లకోసారి తన స్టూడియోను ఏడాది పాటు మూసేసేవాడు. తర్వాతి ఏడేళ్ల పనికి ఆలోచనలన్నీ ఆ ఏడాదిలో పుట్టినవేనని 2009లో టెడ్ వేదిక మీద చెప్పాడు. ఆయన యజమాని కాబట్టి చెల్లింది, హాస్టల్ ఫీజు కట్టుకునే అమ్మాయికి ఆ ధైర్యం అక్కర్లేదు. జీతం వచ్చే రెండు నెలలు దొరికితే చాలు.

మీరు ఏమనుకున్నా ఒక మాట అడుగుతాను. ఇన్నేళ్లుగా ఏటా వేసవి సెలవులకు జీతం తీసుకుంటున్నారు కదా, ఒక్క మే నెలలోనైనా ఉద్యోగం పోతుందని మీ నాన్నగారు మీకు ఫోన్ చేశారా? మీ అమ్మాయికి మాత్రం రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ‘ఇవాళైనా పని ఇచ్చారా’ అని అడుగుతున్నారని మీ ఉత్తరంలో మీరే రాశారు. పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి సంగతీ అందులోనే ఉంది. ఆ ఫోన్ ఆపండి. ఆమె టెన్షన్‌లో సగం స్టూడియోది కాదు, మీది.

అలాగని ప్రమాదమే లేదని అనను. కాకపోతే దాన్ని చూడాల్సిన చోటు వేరు. రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికన్ స్టూడియోకు హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉండేది. 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా అందుకుంది. అంత పేరు, అంత పనీ ఉన్నా డబ్బు లెక్క తప్పింది. 2023లో అమెరికాలో రచయితలు, నటులు సమ్మె చేసి షూటింగులు ఆగితే హాలీవుడ్ పని చేసే మన స్టూడియోలకూ ఆ సెగ తగిలింది. అందుకని అమ్మాయిని ఇవి చూసుకోమనండి: జీతం తేదీ జరుగుతోందా, పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమ కనిపిస్తోందా, తర్వాతి ప్రాజెక్టు సంతకం అయిందా లేక మాటల్లోనే ఉందా, సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారా, జీతం లేని సెలవు తీసుకోమంటున్నారా. వీటిలో రెండు కనిపించినా ఇంకోచోట అప్లై చేయాలి. ఆమెది ప్రాజెక్టు కాంట్రాక్టు అయితే లెక్క మారుతుంది. ఖాళీ నెలలు సొంత ఖర్చు మీదే గడుస్తాయి కాబట్టి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి.

యూఐ/యూఎక్స్ గురించి నాకున్న అనుమానం దాచుకోను. మంచి రంగమే, కానీ మూడు నెలల కోర్సు చేసి వచ్చేవాళ్ల పోర్ట్‌ఫోలియోలు చూస్తుంటాను. అందరిదీ అదే ఫుడ్ డెలివరీ యాప్, అవే రంగులు, చేయని సర్వే తాలూకు అవే ముగింపులు. నియమించుకునేవాళ్లకు ఇది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్నవాళ్లను ఎంతమందికి, ఏ కంపెనీలో, ఎంత జీతంతో అని రాతపూర్వకంగా అడిగి చూడండి. పైగా రెండేళ్ల అనుభవం పక్కన పెట్టి ఆమె ఫ్రెషర్‌గా మొదలుపెట్టాలి. ఆమెకే ఇష్టమైతే సరే, అడిగారా? మీ ఉత్తరంలో ఆమె అభిప్రాయం ఎక్కడా లేదు.

పోలిక పూర్తిగా చెప్పలేదని మీకు అనిపించవచ్చు. రెండింటి జీతాలు పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం మీకు ఇప్పుడు లేదు. కోర్సు ఇంకా మొదలు కాలేదు కదా, ఈ వారమే వెళ్లి అడ్వాన్సు తిరిగి ఇమ్మని అడగండి. రసీదు వెంట తీసుకెళ్లండి.