ఎన్నిసార్లు ఉటంకించారు, ఎందుకు ఉటంకించారు?

ప్రశ్న: చర్మవ్యాధుల పరిశోధకుల పరిచయాల్లో 'హెచ్-ఇండెక్స్ 40' అని కనిపిస్తుంది. దీన్ని ఎలా లెక్కిస్తారు?

జవాబు: హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన కొలత ఇది. పరిశోధకుడి పత్రాలన్నిటినీ సైటేషన్లు (ఇతర పత్రాలు దాన్ని ఉటంకించిన సార్లు) ఎక్కువున్న దానితో మొదలుపెట్టి వరసగా పేర్చండి. 90, 40, 12, 6, 5, 2 అని వచ్చాయనుకుందాం. అయిదో పత్రానికి 5 ఉన్నాయి, ఆరో దానికి రెండే. కనీసం అయిదేసి సైటేషన్లున్న పత్రాలు అయిదు కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. మొదటి పత్రానికి 90 బదులు 9,000 వచ్చినా ఈ అంకె కదలదు! ఒక్క పత్రంతో వైద్యం తీరునే మార్చేసినవారు ఈ లెక్కలో చిన్నగా కనబడతారు. పైగా ఇది ఏళ్లు గడిచేకొద్దీ పెరగడమే గాని తగ్గడం ఉండదు. నిన్న మొన్న పరిశోధన మొదలుపెట్టినవారిని ముప్పయ్యేళ్ల అనుభవజ్ఞులతో దీని మీద పోల్చడం అన్యాయం.

ప్రశ్న: సైటేషన్లు లెక్కించే వెబ్‌సైట్లలో ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఇంకో అంకె. ఏది నమ్మాలి?

జవాబు: గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే బయటపెట్టిన పత్రాలు) కూడా కలుపుకుంటుంది. అందుకే సాధారణంగా అక్కడ ఎక్కువ ఉంటుంది. ఏది చూసినా, పోల్చే ఇద్దరికీ అదే వాడండి. అదే పేరున్న వేరే వ్యక్తి పత్రాలు కలిసిపోయాయేమో ఓర్‌కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు నంబరుతో సరిచూసుకోండి. తర్వాత స్వీయ సైటేషన్లు (తన పత్రాలను తానే ఉటంకించుకున్నవి) తీసేసి చూడండి. ఎక్కువ సైటేషన్లున్న మొదటి అయిదు పత్రాలు తెరిచి, అవి సొంత ప్రయోగాలా, సమీక్షలా, పేరు మొదట ఉందా, చివర ఉందా, ఇరవై పేర్ల మధ్య ఉందా అని గమనించండి. వైద్య పత్రాల్లో పని చేసినవారి పేరు మొదట, బృందానికి పెద్ద పేరు చివర ఉండటం పరిపాటి. ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్లోని పత్రాలకు సగటున వచ్చే సైటేషన్లు) జర్నల్‌ది, పరిశోధకుడిది కాదు.

ప్రశ్న: ఈ రంగంలో ఏ రకం పత్రాలను ఎక్కువగా ఉటంకిస్తారు?

జవాబు: కొత్త మందు కనిపెట్టినవే అనుకుంటారు చాలామంది. కొలతబద్దలు తయారుచేసిన పత్రాలూ వాటికి తీసిపోవు. ఫిన్లే, ఖాన్ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నావళి చూడండి. గత వారం రోజుల్లో చర్మ సమస్య జీవితాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందో అడిగే 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. 10 దాటితే ఇబ్బంది తీవ్రమైనట్టే. మందుల పరీక్షల్లో దీన్ని వాడిన ప్రతిసారీ ఆ పత్రాన్ని పేర్కొనాలి కాబట్టి సైటేషన్లు వేలల్లో చేరాయి. అందరూ సరిగ్గా వాడుతున్నారా అంటే అదీ లేదు. 'నాకు వర్తించదు' అన్న జవాబుకు 0 పడుతుంది కాబట్టి, ఆటలూ ఉద్యోగమూ లేని వృద్ధుల బాధ తక్కువగా తేలుతుంది. రెండు, అంతకు మించి ప్రశ్నలు వదిలేస్తే ఆ ప్రశ్నావళి లెక్కకు పనికిరాదు.

అదే ఫిన్లే, లాంగ్‌తో కలిసి 1991లో ఇచ్చిన 'వేలికొస కొలత' ఇంకో రకం. 5 మిల్లీమీటర్ల మూతి ఉన్న ట్యూబు నుంచి చూపుడువేలి కొస మొదలుకొని మొదటి గీత దాకా పిండితే వచ్చే లేపనం మగవారి వేలికి సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఈ కొలత చెప్పి లేపనం రాసిచ్చే వైద్యులు ఎవరినీ ఉటంకించరు. ఆ ప్రభావం ఏ సూచికలోనూ చేరదు.

ప్రశ్న: ఎక్కువమంది ఉటంకిస్తే ఆ పత్రాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నట్టేనా?

జవాబు: కాదు. ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే చర్మవైద్యుడు చేసిన చర్మ రకాలే ఇందుకు సాక్ష్యం. 1975లో ఆయన వీటిని రూపొందించింది సోరియాసిస్‌కు మందుతోపాటు అతినీలలోహిత కాంతి ఇచ్చే చికిత్సలో మొదటి మోతాదు తేల్చడానికి. జుట్టు, కళ్ల రంగు చూసి మోతాదు ఇస్తే కొందరి చర్మం కాలిపోయింది. అందుకే ఎండకు కందుతుందా, నల్లబడుతుందా అని మనిషినే అడిగాడు. తొలి నాలుగు రకాలూ తెల్ల చర్మానివే. గోధుమ, నల్ల చర్మాలకు 5, 6 రకాలు తర్వాత చేరాయి. ఇప్పుడు చాలా పత్రాలు ఆ ప్రశ్నలు అడగకుండానే, కంటికి కనబడ్డ రంగునుబట్టి 'రకం 5' అని రాసి ఆయన్ను ఉటంకిస్తున్నాయి. ఏ కంటి అంచనాను తప్పించాలని ఆయన చూశాడో, సరిగ్గా దానికే ఆయన పేరు పెడుతున్నారు.