లాక్‌డౌన్ తర్వాత ఫ్రీలాన్స్ మానేసి ఉద్యోగంలో చేరిపోవాలా?

ప్రశ్న: కాన్ఫరెన్సులకి, స్టేజి ప్రోగ్రాములకి వీడియోలు తీసే ఫ్రీలాన్సర్‌ని. 2020 మార్చి తర్వాత నాలుగు నెలలు ఒక్క పేమెంట్ కూడా రాలేదు. తర్వాత ఇంట్లో కూర్చుని ఎడిటింగ్ మొదలుపెట్టాను, ఇప్పుడు అదే మెయిన్ పని. సంపాదన అప్పటికన్నా 20 శాతం ఎక్కువే, కానీ ఒక నెల పొంగుతుంది, ఒక నెల ఎండిపోతుంది. ఇప్పుడు ఒక ఉద్యోగం ఆఫర్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం సంగతి కాసేపు పక్కన పెడదామండి, ముందు ఆ నాలుగు నెలలు ఎందుకు ఖాళీగా పోయాయో చూద్దాం. మీకు అప్పుడు క్లయింట్లు లేక కాదు, చాలామందే ఉండుంటారు, కాకపోతే అందరూ జనం గుమిగూడితేనే పనిచ్చేవాళ్లు, అందుకే డబ్ల్యూహెచ్ఓ మార్చి 11న మహమ్మారి అని ప్రకటించాక అందరూ ఒకేసారి ఆగిపోయారు. పది మంది క్లయింట్లున్నారని ధీమాగా ఉంటాం గానీ అదంతా ఒక్క కొమ్మ మీద కూర్చున్న పది పిట్టలే. ఇప్పుడున్న ఎడిటింగ్ క్లయింట్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, ఏదైనా ఒక్క కారణంతో వీళ్లలో ఎంతమంది ఒకే వారంలో పని ఆపేస్తారో చూడండి. సగం మంది కన్నా ఎక్కువ తేలితే మీరు పని మార్చారు గానీ రిస్క్ మార్చలేదన్నమాట.

ఇక ఆ 20 శాతం ఎక్కువ అన్నారు చూడండి, దాని మీద నాకు అనుమానం. పని ఇంట్లోకి వచ్చాక గంటల లెక్క పోయింది కదా, రాత్రి పదకొండుకి వీడియో కాల్, ఆదివారం "చిన్న కరెక్షన్". నెలకి 120 గంటల నుంచి 200 గంటలకి వెళ్లి సంపాదన 20 శాతమే పెరిగితే గంటకి వచ్చేది నాలుగో వంతుకి పైగా తగ్గినట్టే. ఒక్క నెల మీటింగులతో సహా గంటలన్నీ రాసి చూడండి, ఆఫర్‌లో ఇస్తానన్న జీతాన్ని దాంతో పోల్చండి, నెల సంపాదనతో కాదు.

ఎగుడుదిగుడుకి మందు నాకు తెలిసి ఒక్కటే, మీకు మీరే జీతం ఇచ్చుకోవడం. క్లయింట్ల డబ్బంతా ఒక అకౌంట్‌లో పడాలి, ట్యాక్స్ వాటా అప్పటికప్పుడే పక్కకి తీసేయాలి, ఇంటి ఖర్చుల అకౌంట్‌కి మాత్రం నెలకొకసారి ఒకటే మొత్తం వెళ్లాలి. ఇంటి ఖర్చు 10 అనుకుందాం, ట్యాక్స్ పోగా ఏడాది సగటు 13 అనుకుందాం. జీతం 10, మిగతా 3 అక్కడే ఆగాలి. సగటు లెక్కేసేటప్పుడు బిల్లు పంపిన తేదీ కాదు, డబ్బు చేతికొచ్చిన తేదీ చూసుకోండి, దీంట్లోనే చాలామంది బోల్తా పడతారు.

ఎంత కూడబెట్టాలంటే, జీతగాళ్లకి చెప్పే మూడు నెలల లెక్క మీకు చాలదు. మీ ఖాళీ నాలుగు నెలలు, దానికి పేమెంట్లు ఆలస్యమయ్యే రెండు నెలలు కలిపితే ఆరు, అంటే 60. నెలకి 3 చొప్పున 20 నెలలు పడుతుంది. విసుగ్గానే ఉంటుంది, కానీ పని బాగున్న రోజుల్లోనే చేయాలి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా. ఈఎంఐ వాయిదా వేసుకోవచ్చులే అని మాత్రం ధైర్యంగా ఉండకండి, వాయిదా ఇచ్చిన చాలా చోట్ల వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంది.

కాగితాల గురించి ఎవరూ అడగరు గానీ నేను మాత్రం వదలను. లాక్‌డౌన్‌లో బ్రిటన్ ప్రభుత్వం సొంత పని చేసుకునేవాళ్లకి మొదటి విడతలో సగటు లాభంలో 80 శాతం ఇచ్చింది, అదీ పాత ట్యాక్స్ రిటర్నులు చూసి. 2019 ఏప్రిల్ తర్వాత పని మొదలుపెట్టినవాళ్లకి అప్పట్లో ఏమీ రాలేదు. జర్మనీలో ఇంకో తమాషా, అత్యవసర సాయం ఆఫీసు అద్దెలాంటి వ్యాపార ఖర్చులకే గానీ ఇంటి ఖర్చులకి కాదన్నారు, ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాడికి ఆఫీసు అద్దె ఎక్కడిది? తీసుకున్నవాళ్లలో చాలామంది తర్వాత తిరిగి కట్టాల్సొచ్చింది. కాబట్టి క్యాష్‌గా తీసుకుని లెక్కలో చూపించని పని సాయం లెక్కేసే రోజున ఉన్నా లేనట్టే.

కొత్త పని దేనికైనా సగం అడ్వాన్స్ అడగండి, చివరి నిమిషంలో క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ వెనక్కి రాదని ముందే మెయిల్‌లో రాయండి. మొహమాటపడితే అవదండి, నేనూ 2020లో మొహమాటపడి రెండు ఫీజులు పోగొట్టుకున్నవాడినే.

ఆఫర్ విషయానికొస్తే, ఇప్పుడు మీ దగ్గర మూడు నెలల ఖర్చు కూడా లేకపోతే చేరిపోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు, కాకపోతే బయట పని చేసుకోవచ్చో లేదో అగ్రిమెంట్‌లో చూసుకుని ఒకరిద్దరు పాత క్లయింట్లని అట్టిపెట్టుకోండి. మూడు నెలలకి మించి ఉంటే సంతకం పెట్టేముందు ఆ గంటల లెక్క, 12 నెలల రాబడి ఒక షీట్‌లో వేసి నాకు పంపండి, చూసి చెప్తాను.