ఎరువుల అంగడిలో రాస్ప్‌బెర్రీ పై

ప్రశ్న: ఆదోనిలో మాకు చిన్న ఎరువుల అంగడి ఉంది సార్. మా తమ్ముడు కాలేజీ ప్రాజెక్టుకు కొన్న అరచేతంత కంప్యూటర్ బోర్డు, రాస్ప్‌బెర్రీ పై 3 ఊరికే పడుంటే పాత టీవీకి తగిలించి విండోస్ బదులు వాడే లైనక్స్ వేయించాను. బిల్లులు, రెండు సీసీ కెమెరాల రికార్డింగు దీంతోనే కానిద్దామని ఆశ. మాది రేకుల కప్పు, బోర్డు మూసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి నత్తనడక. టీవీ మూల పసుపు మెరుపు గుర్తు వస్తుంది. కరెంటు పోయొస్తే తేదీ తప్పు. మొన్న అసలు లేవనే లేదు, మెమరీ కార్డులో మళ్లీ అంతా ఎక్కించాల్సి వచ్చింది. బోర్డు పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ. ఆ మెరుపు గుర్తు బోర్డు పెట్టే మొర, నాకు కరెంటు చాలడం లేదని. వోల్టేజి 4.63 కంటే పడిపోతే అది వస్తుంది. మీరు ఫోన్ చార్జరే పెట్టుంటారు, అవునా? చార్జర్ మీద 5 వోల్టులని ఉన్నా సన్నటి పొడుగు కేబుల్ దారిలోనే కొంత తినేస్తుంది. పై 3కి 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, అదీ వైరు దానికే అతుక్కుని ఉన్నది.

ఇక మధ్యాహ్నం నత్తనడక. రేకుల కప్పు కింద, మూసిన ప్లాస్టిక్ డబ్బాలో, మన ఎండలకు ఇంకేం చేస్తుంది పాపం! చిప్ 80 డిగ్రీలు దాటిందంటే కాలిపోకుండా తనే వేగం తగ్గించుకుంటుంది. మూత తీసి, చిప్ మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) అంటించి, చిన్న ఫ్యాన్ పెట్టండి. కూలర్ ముందు మాత్రం వద్దు, నేను అనంతపురంలో ఆ తెలివితేటలు చూపించే తేమ గాలికి ఒక బోర్డు పిన్నులకు చిలుం పట్టించాను.

తేదీ తప్పడం రోగం కాదు. పై 3లో బ్యాటరీ గడియారమే లేదు, నెట్ అందితేనే సరైన టైము తెలుస్తుంది, లేదంటే ఆగిన చోటి నుంచే లెక్క మొదలుపెడుతుంది. డీఎస్ 3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తగిలిస్తే సరి. కార్డు సంగతి వేరు. ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. వైఫై రౌటర్లకు పెట్టే మినీ యూపీఎస్ పనికొస్తుంది కానీ 5 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నదే చూసి కొనండి, 12 వోల్టుల పిన్ను తెచ్చి దీనికి గుచ్చారంటే బోర్డు నిజంగానే పోతుంది.

కెమెరాల లెక్క మీరే చూడండి. ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్లు పంపినా రెండూ కలిసి గంటకు 1.8 జీబీ, రోజుకు 43 జీబీ. 32 జీబీ కార్డు ఒక్క రోజుకే చాలదు, పైగా రాసి చెరిపి రాసి చెరిపి తొందరగా అరిగిపోతుంది. కెమెరా పంపిన వీడియోను ఉన్నదున్నట్టు యూఎస్‌బీ హార్డ్‌డిస్కులో (దానికి సొంత అడాప్టర్ ఉండాలి) దాచడమొక్కటే అయితే పై 3 లాగేస్తుంది, మనిషి కదిలితే కనిపెట్టే పని కూడా దానికే ఇచ్చారో మళ్లీ ఆ నత్తనడకే.

బిల్లుల దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను, వదిలేయండి. మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు విండోస్‌కు, ఇంటెల్ రకం ప్రాసెసర్లకు చేసినవి. ఇది ఫోన్లలో ఉండే రకం ఆర్మ్ చిప్, అవి దీనిలో ఎక్కవు. బ్రౌజర్‌లో చేద్దామా అంటే ఉన్నది 1 జీబీ ర్యామ్, నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్‌లో పట్టనిది కార్డు మీదకు తోసి ఈడ్చుకుంటూ నడుస్తుంది. కౌంటర్ ముందు రైతు నిలబడి ఉంటే మీకెంత టెన్షన్! ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) ఉన్న సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ ఒకటి చూసుకోండి, గడియారం బ్యాటరీతో సహా అన్నీ అందులోనే ఉంటాయి.

అలాగని బోర్డును తమ్ముడికి తిరిగిచ్చేయకండి. ఏ ఎరువు స్టాకుంది, బస్తా రేటెంత అని ఆ టీవీ మీద చూపించడానికి అది చాలు. సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, కరెంటు ఎన్నిసార్లు పోయొచ్చినా ఫర్వాలేదు. రేట్లు మార్చే రోజు మాత్రం దాన్ని ఆఫ్ చేసి మార్చాలి, లేదంటే మర్నాటికి పాత రేట్లే కనిపిస్తాయి.