బాండ్ పేపర్ రాయించుకుని సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపొచ్చా?

ప్రశ్న: వరంగల్ గిర్మాజీపేటలో మాది పాత ఇల్లు. పదేళ్లుగా సెప్టిక్ ట్యాంకు తీయించలేదు. ఇప్పుడు బాత్రూంలోకి తన్నుతోంది. ఇరుకు గల్లీ, బండి రాదు. ఇద్దరు దిగి బకెట్లతో తోడేస్తారని, ఏం జరిగినా బాధ్యత వాళ్లదేనని బాండ్ పేపర్ మీద రాయిస్తానని మేస్త్రీ అంటున్నాడు. అది సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. దయచేసి మనుషుల్ని దింపకండి. చట్టం వద్దన్న పనికి రాసుకున్న ఒప్పందం కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. పైగా ప్రాణాపాయం ఉందని మీకు ముందే తెలుసనడానికి ఆ కాగితమే సాక్ష్యమవుతుంది.

మాన్యువల్ స్కావెంజింగ్‌ను, అంటే మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం 7వ సెక్షన్ ఇక్కడ ముఖ్యం. సరైన రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపకూడదు. మీరే పెట్టుకున్నా, మేస్త్రీతో పెట్టించినా ఒకటే. మొదటిసారికే 2 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నాన్‌బెయిలబుల్ కేసు. ఎవరైనా చనిపోతే నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కూడా తోడవుతుంది, అందులో 5 ఏళ్ల వరకు శిక్ష ఉంది. ముక్కుకు తువ్వాల, నడుముకు తాడు కట్టుకుంటే రక్షణ సామగ్రి అనిపించుకోదు.

కేసు సంగతి అటుంచండి. పదేళ్లు మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుని ఉంటుంది. మోతాదు ఎక్కువైతే వాసన కూడా తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. అతన్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. ఇలాంటి వార్తలు మనం ఎన్ని చదవలేదు? మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఆ డబ్బు మనిషిని తెస్తుందా?

బండి గల్లీలోకి రానక్కర్లేదు, పైపు వస్తే చాలు. నగరపాలక సంస్థ లైసెన్సు ఉన్నవాళ్లను పిలిచి, రోడ్డు నుంచి మీ ట్యాంకు దాకా దూరం ముందే చెప్పండి, పైపులు జోడించుకుని వస్తారు. అడుగున మడ్డి గట్టిపడి ఉంటే నీళ్లు కొట్టి కరిగించి లాగుతారు. ఎక్కడ పారబోస్తారో తప్పకుండా అడగండి. అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం ఉంది, చెరువులోనో నాలాలోనో వదిలేవాళ్లకు పని ఇవ్వకండి. బండి నంబరుతో రసీదు తీసుకోండి. ఇకపై రెండు మూడేళ్లకోసారి తీయించండి.

బండి వచ్చేదాకా నీళ్లు తక్కువ వాడండి. మూత మీరు తెరవకండి, ఆ దగ్గర బీడీ కూడా వెలిగించనివ్వకండి.